ఆరేళ్ళ దవడ పన్ను ఎవరి పని?

ఆరేళ్ళు నిండే వేళకు పిల్లల నోట్లో, పాలపళ్ళ వరసకు వెనకాల, నాలుగు మూలలా నాలుగు కొత్త దవడ పళ్ళు మొలుస్తాయి. ఏ పాలపన్నూ ఊడకుండానే వస్తాయి కాబట్టి అవి వచ్చిన సంగతి ఇంట్లో చాలామందికి తెలియనే తెలియదు. చూసినా పాలపళ్ళే అనుకుంటారు. పుచ్చితే ‘ఎట్లాగూ ఊడిపోయేవే కదా’ అని వదిలేస్తారు. అవి ఊడిపోయేవి కావు, బతికినన్నాళ్ళూ నమలాల్సినవి. వాటి నెత్తిన బ్రష్షు పోచ కూడా దూరనంత సన్నని, లోతైన గాడులుంటాయి. బిస్కెట్టు పిండో చాక్లెట్టు జిగటో అక్కడ చిక్కుకుంటే మొలిచిన రెండు మూడేళ్ళలోనే నల్లచుక్క పడుతుంది, తర్వాత గుంట, ఆ తర్వాత రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వని సలుపు. ఆ గాడులను ముందే ఒక పూతతో మూసేయవచ్చు. పంటికి ఐదు పది నిమిషాలు చాలు, మత్తు సూది అక్కర్లేదు, డ్రిల్లు అక్కర్లేదు. ఈ చిన్న పని మన సర్కారు బడుల్లో ఎవరు చేస్తున్నారని అడిగితే ఒక ఉద్యోగం పేరు చెప్పలేం. అటువంటి ఉద్యోగమే మన దగ్గర లేదు. ఉండకూడదనే వాదన మాత్రం గట్టిగా ఉంది. ఆ వాదన తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

ఆ వాదనను దాని బలంతోనే ముందు పెడతాను. దేశంలో మూడు వందలకు పైగా డెంటల్ కాలేజీలున్నాయి, ఏటా పాతిక వేలకు పైగా బీడీఎస్ సీట్లున్నాయి. చదివి బయటికొచ్చిన పిల్లలకు ఉద్యోగాల్లేవు. ఎంతోమంది కార్పొరేట్ క్లినిక్కుల్లో చాలీచాలని జీతానికి పని చేస్తున్నారు, కొందరు వృత్తే మార్చుకుంటున్నారు. ఇన్ని చేతులు ఖాళీగా ఉంటే రెండేళ్ళ శిక్షణతో డెంటల్ థెరపిస్టులనే కొత్త వర్గాన్ని తయారు చేయడమేమిటి? అది పేదవాడికి నాసిరకం వైద్యం అంటగట్టడం, ఇప్పటికే ఉన్న దొంగ వైద్యానికి సర్కారు ముద్ర వేయడం. ఇదీ వాదన. డెంటిస్టుల సంఘాల సమావేశాల్లోనే కాదు, చదువుకున్న మామూలు మనుషుల మాటల్లోనూ ఇదే వినిపిస్తుంది. థెరపిస్టు అంటే ఎవరో తెలియక కూడా చాలామంది భయపడతారు. థెరపిస్టు డాక్టరు కాదు, డాక్టరునని చెప్పుకోడు. పిల్లల పళ్ళు పరీక్షించడం, గార తీయడం, ఫ్లోరైడ్ పూత వేయడం, గాడులు మూయడం, చిన్న గుంటలకు సిమెంటు పెట్టడం, కదిలే పాలపన్ను తీయడం వరకే అతని హద్దు. ఎముక కోసి పన్ను తీయడం, పెద్దవాళ్ళ రూట్ కెనాల్, కట్టుడు పళ్ళు అతని పనులు కావు. వాపు, జ్వరం, అనుమానం కలిగించే పుండు కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపడం అతని విధి.

ఈ వాదన నిలుస్తుందో లేదో చూడడానికి అడవుల్లోకి, తండాల్లోకి వెళ్ళనక్కర్లేదు. మారుమూల ఊళ్ళకైతే సరే, నగరానికెందుకు థెరపిస్టు అంటారు కాబట్టి నగరంలోనే చూద్దాం. కార్వాన్ చూద్దాం. గోల్కొండ కోట నుంచి పురానా పూల్ దాకా సాగిన పాత బాట మీద, బిడారులు దిగిన చోటుగా, వజ్రాల వర్తకుల పేటగా పేరుబడ్డ ప్రాంతమిది. 1671లో కట్టిన టోలీ మసీదు ఇప్పటికీ ఆ దారి పక్కనే ఉంది. చుట్టూ జియాగూడ, కుల్సుంపురా, టప్పాచబుత్ర బస్తీలు. ఇక్కడి నుంచి పురానా పూల్ మీదుగా అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రికి నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. రాష్ట్రంలోనే పేరున్న సర్కారు పంటి దవాఖాన అంత దగ్గర. ప్రైవేటు క్లినిక్కుల బోర్డులకైతే ఈ నగరంలో కొదవే లేదు. డెంటిస్టుల సంఖ్య పెరిగితే పిల్లల పళ్ళు బాగుపడతాయన్న సూత్రం నిజమే అయితే, దాని ఫలితం అందరికన్నా ముందు కార్వాన్‌లో కనిపించాలి.

కనిపించదు, ఎందుకంటే కార్వాన్ తల్లికి అఫ్జల్‌గంజ్ దూరాన్ని కొలిచేది కిలోమీటర్లు కాదు, కూలి. ఓపీ చీటీ పొద్దున్నే తీసుకోవాలి. వరసలో నిలబడాలి. ఎక్స్‌రే తీయిస్తే మరో వరస. పని ఒక పూటలో తేలకపోతే మళ్ళీ రమ్మంటారు. రమ్మనడంలో తప్పు లేదు, ఒక పెద్ద బోధనాసుపత్రి పని తీరే అంత. కానీ రెండు పూటలంటే ఆమెకు రెండు రోజుల కూలి, బిడ్డకు రెండు రోజుల బడి, ఇంకో బిడ్డను చూసుకోవడానికి పక్కింటి వాళ్ళను బతిమాలడం. నొప్పి లేని పన్ను కోసం ఇంత ఖర్చు ఎవరూ పెట్టరు. నొప్పి మొదలైన రోజు లవంగం, ఉప్పునీళ్ళు. అవి పనిచేయని రోజు మెడికల్ షాపులో ఒక నొప్పి బిళ్ళ, ఒక యాంటీబయాటిక్. ముఖం వాచిన రోజు అఫ్జల్‌గంజ్. అప్పటికి పన్ను పీకడం తప్ప డాక్టరుకు వేరే దారి ఉండదు. 2002-03లో డెంటల్ కౌన్సిల్ చేయించిన జాతీయ సర్వేలో పన్నెండేళ్ళ పిల్లల్లో సగానికి పైగా పుచ్చుపళ్ళున్నట్టు తేలింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకు, అంగన్‌వాడీలకు వెళ్ళి పిల్లలను పరీక్షించి ముప్పై రకాల లోపాలను గుర్తిస్తాయి. పంటి జబ్బులు ఆ జాబితాలో ఉన్నాయి. అంటే జబ్బును గుర్తించేవాళ్ళు బడి దాకా వస్తున్నారు. గుర్తించి, కాగితం మీద రాసి, ఆసుపత్రికి వెళ్ళమంటున్నారు. ఆ కాగితం పట్టుకుని ఇంటికెళ్ళిన బిడ్డకు ఆ తర్వాత జరిగేది పైన చెప్పిందే. 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానలు వచ్చాయి. జ్వరానికీ బీపీకీ షుగరుకీ గల్లీ చివరనే ఒక డాక్టరు, ఒక నర్సు దొరుకుతున్నారు. పంటికి మాత్రం అక్కడ చెయ్యి లేదు. అదే ఏడాది కేంద్రం ప్రకటించిన ఆరోగ్య కేంద్రాల పన్నెండు సేవల్లో నోటి సంరక్షణ ఒకటి. సేవను కాగితం మీద చేర్చి, దాన్ని చేసే మనిషిని తయారు చేయడం మరచారు.

బీడీఎస్ చదివిన నిరుద్యోగులనే అక్కడ పెట్టవచ్చు కదా? అన్ని అభ్యంతరాల్లోనూ నిజాయితీ ఉన్నది, బలమైనది ఇదే. దీనికి జవాబు రెండు భాగాలుగా చెప్పాలి. మొదటిది, పెట్టాలి. సర్కారు డెంటల్ సర్జన్ల పోస్టులు పెంచకపోవడం అన్యాయం, థెరపిస్టుల పేరు చెప్పి ఆ అన్యాయాన్ని కప్పిపుచ్చనివ్వకూడదు. కానీ బీడీఎస్ డాక్టరును బడికి పంపి రోజంతా గాడులు మూయించడమనే ఆలోచన ఆ డాక్టరు చదువుకూ సరిపోదు, జీవితానికీ సరిపోదు. నాలుగేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, ప్రైవేటు కాలేజీ అయితే లక్షల్లో ఫీజు. సొంత క్లినిక్కు పెడితే కుర్చీ, కంప్రెసరు, ఆటోక్లేవు, ఎక్స్‌రే యంత్రం, షట్టరు అద్దె, బ్యాంకు వాయిదా. ఆ అప్పు తీరేది రూట్ కెనాల్‌తో, క్యాప్‌లతో, క్లిప్పులతో, ఇంప్లాంట్లతో. ఆరేళ్ళ పిల్లాడి పంటికి పూత వేస్తే తీరదు. ఇది డాక్టరు దురాశ కాదు, క్లినిక్కు లెక్క. జబ్బు ముదిరితేనే బతికే లెక్క అది. కాలేజీలు ఎన్ని పెంచినా, సీట్లు ఎన్ని పెంచినా, కొత్త డాక్టరు కూడా అదే లెక్కలోకి దిగుతాడు, అదే రోడ్డు మీద పాత క్లినిక్కుకు ఎదురుగా ఇంకో బోర్డు పెడతాడు. మూడు దశాబ్దాలుగా మనం చేసిన ప్రయోగం ఇది. ఫలితం ఒకవైపు నిరుద్యోగ డాక్టర్లు, ఇంకోవైపు పుచ్చుపళ్ళ పిల్లలు. ఈ రెండూ పక్కపక్కనే ఉండగలవని తేలిన తర్వాత కూడా ‘డెంటిస్టులు ఎక్కువ కాబట్టి థెరపిస్టులు అక్కర్లేదు’ అనడం, మార్కెట్లో బియ్యం బస్తాలున్నాయి కాబట్టి ఎవరూ పస్తులుండరని అనడమే.

జవాబులో రెండో భాగం ఏమిటంటే, థెరపిస్టు డాక్టరుకు పోటీ కాదు, డాక్టరుకు పోస్టు తెచ్చిపెట్టే మనిషి. ఐదారుగురు థెరపిస్టుల మీద ఒక బీడీఎస్ డాక్టరు పర్యవేక్షణ తప్పనిసరి చేస్తే, బస్తీకి దగ్గరలో ఆ డాక్టరుకు ఒక స్థిరమైన ఉద్యోగం పుడుతుంది. ఐదేళ్ళు నేర్చుకున్న విద్యకు తగిన కేసులే ఆ డాక్టరు ముందుకొస్తాయి. ఇప్పుడున్న పద్ధతిలో ఆ కేసులు నొప్పి బిళ్ళల వెనక దాక్కుని, ముఖం వాచేదాకా ఎవరి కంటా పడవు.

ఇక ప్రమాదమన్న మాట. డాక్టరు కాని మనిషి పంటి మీద చెయ్యి వేస్తే పిల్లల ప్రాణానికి పూచీ ఎవరని అడుగుతారు. ఇది ఊహతో తేల్చుకోవాల్సిన ప్రశ్న కాదు, వందేళ్ళ అనుభవం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరడానికి వచ్చిన యువకుల నోళ్ళు చూసి న్యూజిలాండ్ ఉలిక్కిపడింది. 1921లో థామస్ హంటర్ అనే డెంటిస్టే పూనుకుని వెల్లింగ్టన్‌లో యువతులకు రెండేళ్ళ శిక్షణ మొదలుపెట్టించారు. వాళ్ళను స్కూల్ డెంటల్ నర్సులన్నారు. బడి ఆవరణలోనే చిన్న క్లినిక్కు, అందులో ఒక నర్సు, ఆ బడి పిల్లలందరి పళ్ళూ ఆమె బాధ్యత. 1949లో మలయా ఆ పద్ధతిని పెనాంగ్‌కు తెచ్చుకుంది. అంటే మనలాగే బ్రిటిష్ పాలన చూసిన, అప్పట్లో మనలాగే డాక్టర్ల కొరత ఉన్న ఆసియా నేల మీద ఈ పద్ధతి వేళ్ళూనింది. 2012లో అమెరికాలో కెల్లాగ్ ఫౌండేషన్ తరఫున డేవిడ్ నాష్ బృందం యాభైకి పైగా దేశాల్లో ఉన్న ఈ వృత్తి మీద వచ్చిన రచనలను వెయ్యికి పైగా జల్లెడ పట్టింది. థెరపిస్టులు తమ హద్దులో చేసే పని సురక్షితంగా, నాణ్యంగా ఉందని ఆ సమీక్ష తేల్చింది. ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. బీడీఎస్ విద్యార్థి నోటికి సంబంధించిన సమస్తాన్నీ నేర్చుకుంటాడు. థెరపిస్టు పది పన్నెండు పనులే నేర్చుకుంటాడు కానీ వాటినే వందలసార్లు చేస్తాడు.

ఆ పనుల్లో ఒకదాన్ని దగ్గరగా చూస్తే భయం ఎంత వరకు ఉండాలో తెలుస్తుంది. చిన్న గుంటలకు సిమెంటు పెట్టే ఈ పద్ధతి 1980లలో టాంజానియాలో, కరెంటు లేని చోట్ల, మొదలైంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ముందుకు తెచ్చింది. బిడ్డను బల్ల మీద పడుకోబెడతారు. తల దగ్గర కూర్చున్న థెరపిస్టు చేతిలో ఆవగింజంత గిన్నె ఉన్న చెంచా లాంటి పనిముట్టు ఉంటుంది. పుచ్చిన భాగం తడిసిన సుద్దలా మెత్తబడి ఉంటుంది కాబట్టి దాంతోనే గోకి తీసేస్తారు. గట్టి భాగం తగిలితే చెంచా ‘కిర్రు’మంటుంది, అక్కడ ఆగిపోతారు. దూదితో తుడిచి ఆరబెట్టి, కాగితపు పలక మీద ఒక పొడినీ ఒక చుక్క ద్రవాన్నీ కలిపి ముద్ద చేసి, గుంటలో నింపి, వ్యాజలీను రాసిన వేలితో గట్టిగా అదుముతారు. ఆ ముద్దే గ్లాస్ అయనమర్ సిమెంటు. గట్టిపడ్డాక కొంతకాలం ఫ్లోరైడును కూడా వదులుతుంది. పంటి మీద ఒక వైపే గుంట ఉంటే ఇది బాగా నిలుస్తుంది. రెండు పళ్ళ సందున గుంట పడితే అంత బాగా నిలవదు, ఆ తేడా చూసి డాక్టరు దగ్గరికి పంపడం కూడా శిక్షణలో భాగమే. ఇంకో మందు, సిల్వర్ డయామీన్ ఫ్లోరైడ్, ఒక చుక్క బ్రష్షుతో అద్దితే పుచ్చు ముందుకు సాగకుండా ఆగుతుంది. పుచ్చిన చోటు నల్లబడి అలాగే ఉండిపోతుంది, ఆ సంగతి తల్లికి ముందే చెప్పి ఒప్పించాలి. ఈ రెండింటినీ 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. న్యూయార్క్ బడుల్లో ఈ చుక్కను డెంటల్ హైజీనిస్టులూ, మామూలు నర్సులూ వేసి చూశారు. నర్సులు వేసినా ఫలితం తగ్గలేదని 2024లో ప్రచురించారు.

విదేశాల సంగతులు మనకు నప్పవనే వాళ్ళకు తిరువనంతపురం చాలు. 1996లో అక్కడి పదమూడు పంచాయతీల్లో నోటి కేన్సరు మీద పెద్ద పరిశోధన మొదలైంది. ఇంటింటికీ వెళ్ళి, నోరు తెరిపించి చూసింది డాక్టర్లు కాదు. వైద్యంతో సంబంధం లేని డిగ్రీలు చదివి, ఈ ఒక్క పనికి శిక్షణ పొందిన కార్యకర్తలు. తేడా కనిపించిన వాళ్ళను మాత్రం డాక్టర్ల దగ్గరికి పంపారు. 2005లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ప్రకారం పొగాకో మద్యమో అలవాటున్న వాళ్ళలో నోటి కేన్సరు మరణాలు 34 శాతం తగ్గాయి. దేశంలో ప్రతి ఐదుగురు పెద్దవాళ్ళలో ఒకరు నమిలే పొగాకు వాడుతున్నారని 2016-17 సర్వే చెప్పింది. గుట్కా, జర్దా అమ్మే డబ్బా కొట్టు లేని గల్లీ కార్వాన్‌లోనే కాదు, ఈ నగరంలో ఎక్కడా కష్టమే. బడి పిల్లల పళ్ళు చూడటానికి వచ్చిన థెరపిస్టు, ఆ పిల్లలను తీసుకెళ్ళడానికి వచ్చిన తండ్రిని కూడా ఒక్కసారి నోరు తెరవమంటే చాలు. దానికి ఐదేళ్ళ డిగ్రీ కావాలంటే తిరువనంతపురంలో బతికి బయటపడ్డ వాళ్ళ ముందు నిలబడి ఆ మాట చెప్పాలి.

పేదవాడికి రెండో రకం వైద్యమా అన్న ప్రశ్న నన్ను కూడా కదిలిస్తుంది, ఎందుకంటే ఈ దేశంలో పేదల పేరుతో నాసిరకం సరుకు అంటగట్టిన సందర్భాలు తక్కువేమీ కాదు. అయితే రెండో రకమంటే మొదటి రకం ఒకటి ఉండి, దాన్ని తీసేసి ఇచ్చేది. కార్వాన్ బిడ్డకు ఇప్పుడున్న మొదటి రకం ఏది? పేవ్‌మెంటు మీద గుడ్డ పరిచి పళ్ళు అమర్చే మనిషా, మెడికల్ షాపు కౌంటరా? న్యూజిలాండ్‌లో డెంటల్ నర్సు పేదల బడికే పోలేదు, అన్ని బడులకూ పోయింది. కనుక మన దగ్గర ఫీజులు కట్టే ప్రైవేటు బడుల పిల్లల పళ్ళు కూడా థెరపిస్టే చూడాలని నిబంధన పెట్టండి. జూబ్లీహిల్స్ బిడ్డ నోట్లోనూ కార్వాన్ బిడ్డ నోట్లోనూ అదే చెయ్యి, అదే సిమెంటు. అప్పుడు నాణ్యత తగ్గితే అడిగే గొంతులు గట్టిగానే ఉంటాయి.

దొంగ వైద్యానికి ముద్ర వేస్తున్నామంటారు. చరిత్ర చూస్తే విషయం తిరగబడుతుంది. 1948 డెంటిస్టుల చట్టం వచ్చినప్పుడు, చదువు లేకుండా అనుభవంతో పళ్ళు చూస్తున్న వాళ్ళను ప్రభుత్వం జైళ్ళకు పంపలేదు. రిజిస్టరును రెండు భాగాలు చేసి, డిగ్రీ ఉన్నవాళ్ళను ఒక భాగంలో, లేనివాళ్ళను మరో భాగంలో నమోదు చేసింది. అదే చట్టం గార తీసి పళ్ళు శుభ్రం చేసే డెంటల్ హైజీనిస్టుకు వేరే రిజిస్టరు పెట్టింది. డాక్టరు కాని మనిషి హద్దుల్లో ఉండి పని చేయవచ్చని 1948లోనే మన చట్టం ఒప్పుకుంది, ఆ హద్దును పెంచడానికే మనకు చేతులు రాలేదు. దొంగ వైద్యమంటే పేరు లేని, రికార్డు లేని, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని పని. రిజిస్టరులో నంబరు, చేయదగిన పనుల పట్టిక, పై డాక్టరు సంతకం ఉన్న మనిషిని దాంతో జత కట్టడం న్యాయం కాదు. 2023లో 1948 చట్టం స్థానంలో పార్లమెంటు చేసిన జాతీయ దంత వైద్య కమిషన్ చట్టంలోనూ దంత సహాయకుల నమోదుకు చోటుంది. థెరపిస్టు అన్న మాట అక్కడ రాయడానికి అడ్డు ఇష్టం లేకపోవడమే.

ఇవాళ పాలపన్ను, రేపు రూట్ కెనాల్, ఎల్లుండి సొంత బోర్డు అన్న భయాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. మన గల్లీల్లో కాంపౌండరు డాక్టరైపోయిన కథలు అందరికీ తెలుసు. దీనికి మందు లైసెన్సు రాతలోనే ఉంది. లైసెన్సు మనిషికి కాదు, పోస్టుకు ఇవ్వాలి. సర్కారు బడిలో, బస్తీ దవాఖానలో, గుర్తింపు ఉన్న సంస్థలో పని చేసినన్నాళ్ళే చెల్లాలి. బ్రిటన్ 1960లో న్యూ క్రాస్‌లో ఈ శిక్షణ మొదలుపెట్టి 2002 దాకా వాళ్ళను ఆసుపత్రులకు, ప్రజా సేవలకే పరిమితం చేసింది. డాక్టరు చీటీ లేకుండా నేరుగా రోగిని చూడనిచ్చింది 2013లో, ఐదు దశాబ్దాల అనుభవం తర్వాత. తొందరపడమని ఎవరూ అనడం లేదు. అడ్డుకోవాలని చూసిన చోట కూడా ఇది ఆగలేదు. అలాస్కాలో దూరపు ఆదివాసీ గ్రామాల కోసం కొందరిని న్యూజిలాండ్ పంపి శిక్షణ ఇప్పిస్తే, అమెరికన్ డెంటల్ అసోసియేషన్ కోర్టుకెక్కింది. 2007లో ఆ వ్యాజ్యం ముగిసింది, థెరపిస్టులు ఆ గ్రామాల్లోనే పని చేస్తూ ఉన్నారు. 2009లో మిన్నెసోటా రాష్ట్రం చట్టమే చేసింది.

కార్వాన్‌కు కావలసిన శిక్షణ ఎలా ఉండాలో కూడా చెప్పాలి, ఎందుకంటే చెడ్డ శిక్షణ ఈ వాదనను ఒక్క ఏడాదిలో ఓడించగలదు. ఇంటర్ పాసైన, అదే బస్తీల్లో పెరిగిన అమ్మాయిలను తీసుకోవాలి. కార్వాన్‌లో తెలుగు ఒక్కటే చాలదు, దక్కనీ ఉర్దూ రావాలి. ఇంట్లో ఆ రెండూ వింటూ పెరిగిన పిల్లకు తల్లితో మాట కలపడం నేర్పనక్కర్లేదు. ‘అమ్మీ, బచ్చే కా మూ దిఖావో’ (బిడ్డ నోరు చూపించమ్మా) అంటే ఆ తల్లి ముందుకొస్తుంది. రెండేళ్ళలో ఒక ఏడాది కాలేజీలో, ఒక ఏడాది బడుల్లో, డాక్టరు పక్కన ఉండగా. ఎన్ని గాడులు మూసింది, ఎన్ని సిమెంట్లు ఏడాది తర్వాత నిలిచాయి, ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాల్సి ఉండగా పంపలేదు, ఇవన్నీ లెక్కతో చూసి లైసెన్సు ఇవ్వాలి. బోధనకు అఫ్జల్‌గంజ్ కాలేజీ ఉంది, నేర్పగల అధ్యాపకులున్నారు, నేర్చుకోవడానికి పక్కనే బడులున్నాయి. ఒక చిన్న బ్యాచ్‌తో, కార్వాన్, జియాగూడ సర్కారు బడులతో మొదలుపెట్టి మూడేళ్ళ తర్వాత ఆ పిల్లల నోళ్ళు తెరిచి చూడవచ్చు. నిరుడు జూన్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు నాలుగు మూలల దవడ పళ్ళు మొలిచేశాయి. ఈ ఏడాది చేరే వాళ్ళకు ఇప్పుడు మొలుస్తున్నాయి.